చెప్పిపోయిన మాట

2021 డిసెంబరు 8. ఉదయం 11 గంటల 48 నిమిషాలకు తమిళనాడులోని సూలూరు వైమానిక స్థావరం నుంచి ఒక ఎంఐ-17 హెలికాప్టర్ లేచింది. 12.15కి నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో దిగాలి. 12.08 ప్రాంతంలో సూలూరులోని విమాన నియంత్రణ కేంద్రానికి (ఏటీసీ) దానితో సంబంధం తెగిపోయింది. ఈ వేళలు రక్షణ మంత్రి మరునాడు పార్లమెంటులో చెప్పినవే. అందులో త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్ ఉన్నారు, ఆయన భార్య ఉన్నారు, మన మదనపల్లె పక్కన కురబలకోట మండలం ఎగువరేగడకు చెందిన లాన్స్ నాయక్ సాయితేజ ఉన్నాడు. రావత్ గారి అంగరక్షకుల్లో ఒకడు. డిసెంబరు 12న అతని శవపేటిక మదనపల్లె మీదుగా సొంతూరికి వచ్చిన దినం దారి పొడుగునా నిలబడిన జనాన్ని ఈ తట్టు మనుషులు మర్చిపోలేరు.

హెలికాప్టర్ కూలిపోయిన ఆ ప్రమాదంలో రేడియో చెడిపోలేదు. లోయలో వాతావరణం ఉన్నట్టుండి మారి హెలికాప్టర్ మబ్బులోకి చొరబడిందనీ, పైలట్‌కు దిశ తెలియక అది కొండకు తగిలిందనీ త్రివిధ దళాల విచారణ తేల్చింది. ఆ సంగతి నెలరోజుల తర్వాత తెలిసింది. సంబంధం తెగిన ఆ నిమిషంలో మాత్రం కింద ఉన్నవాళ్ళకు తెలిసేది ఒక్కటే: పిలిస్తే పలకడం లేదు. రేడియో కాలిపోయినా పలకదు. కొండ అడ్డొచ్చినా పలకదు. మనుషులే లేకపోయినా పలకదు. నేల మీద చెవికి హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నవాడికి ఈ మూడూ ఒకే మాదిరిగా వినిపిస్తాయి.

చాలాకాలంగా నన్ను పట్టుకున్న ఆలోచన ఇదే. ఆకాశంలో మాట ఆగిపోతే మనిషి ఏం చెయ్యాలి? కింద ఉన్నవాడు ఆ మౌనాన్ని ఏమని అర్థం చేసుకోవాలి? దీనికి విమాన రంగం నూరేళ్ళుగా కట్టుకున్న జవాబు ఒకటుంది. మనుషులు ఒకరితో ఒకరు చేసుకున్న ఒప్పందాల్లో అంత గొప్పది ఇంకోటి నాకు కనిపించలేదు.

మా ఊరు సోమల మీది ఆకాశం ఖాళీగానే కనిపిస్తుంది. టమోటా తోటలో నిలబడి తలెత్తితే కొండల మీద మబ్బు, గద్దలు, ఎప్పుడో ఒక తెల్లటి చార. అది ఖాళీ కాదు. తూర్పున ముప్పావు వంద కిలోమీటర్లకు కాస్త అటుఇటుగా రేణిగుంట విమానాశ్రయం. పడమర దేవనహళ్ళి దగ్గర 2008లో తెరిచిన బెంగుళూరు విమానాశ్రయం. గీత గీస్తే సుమారు నూటపాతిక కిలోమీటర్లు. ఈ మొత్తం ఆకాశం చెన్నై కేంద్రంగా ఉన్న విమాన సమాచార మండలం కిందికి వస్తుంది. పెద్ద విమానాశ్రయాల చుట్టూ కంటికి కనపడని గోడలున్నాయి. ఆ గోడల లోపలిది నియంత్రిత గగనతలం. అనుమతి లేకుండా ఎవరూ రాకూడదు; వచ్చాక చెప్పిన ఎత్తులో, చెప్పిన దిక్కుకే పోవాలి. అనుమతి ఇచ్చేది గొంతు, పుచ్చుకునేది గొంతు. 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య రేడియో అలల మీద ఇదంతా నడుస్తుంది.

మా అక్క కొడుకు విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు వాడి సంచిలోంచి తొడకు కట్టుకునే చిన్న పలక ఒకటి బయటపడింది. పట్టీతో బిగించుకుంటారంట. దానికి క్లిప్పుతో పట్టించిన అట్ట మీద వాడి సొంత దస్తూరీతో నాలుగంకెల సంఖ్యలు మూడు రాసి ఉన్నాయి: 7500, 7600, 7700. మొదటిది విమానాన్ని ఎవరైనా బలవంతంగా పట్టుకుంటే. మూడోది ఎలాంటి ఆపద వచ్చినా. నడిమిది రేడియో పోతే. నడిమి సంఖ్య కింద ఎర్ర సిరాతో గీత ఉంది.

"రేడియో పోతే ముందేం చేస్తావురా?" అన్నాను.

"విమానం నడుపుతా మామా. రేడియో సంగతి తర్వాత."

వాడికి అది మొదటి పాఠంగా చెప్పారు. ముందు విమానాన్ని గాలిలో నిలబెట్టు, తర్వాత ఎక్కడున్నావో, ఎటు పోతున్నావో చూసుకో, మాట్లాడటం ఆ రెండింటి తర్వాతే. వినడానికి ఇది చిన్న విషయంగా ఉంటుంది. కానీ మనిషి స్వభావం దీనికి సరిగ్గా ఎదురు. మాట ఆగిపోతే మనకు ఊపిరాడదు. ఫోన్‌లో అవతలి గొంతు తెగిపోగానే "హలో, హలో" అంటూ ఉన్న పని వదిలేసి తెర వంకే చూస్తాం. పైలట్ అలా తల వంచుకుని రేడియో మీటలతో కుస్తీ పడుతుంటే, చేతిలోని యంత్రం గంటకు 200 కిలోమీటర్ల వేగంతో ఎక్కడికో పోతుంటుంది.

తర్వాత వాడు వేళ్ళతో గాలిలో చూపిస్తూ చెప్పుకుపోయాడు. శబ్దం తగ్గించి ఉందేమో చూడాలి. హెడ్‌సెట్ పిన్ను మోకాలు తగిలి ఊడిందేమో తోసి చూడాలి. మైకు బటన్ నొక్కినచోటే ఇరుక్కుందేమో చూడాలి. అలా ఇరుక్కుంటే మన గొంతు పోవడమే కాదు, ఆ ఫ్రీక్వెన్సీ మీద ఉన్న అందరి గొంతులూ మూసుకుపోతాయి. కొత్త ఫ్రీక్వెన్సీ పలకకపోతే పాతదానికి తిరిగి పోవాలి. రెండో రేడియో ఉంటే అది. 121.5 అనే అత్యవసర ఫ్రీక్వెన్సీ. ఏదీ పనిచేయకపోతే ట్రాన్స్‌పాండర్ అనే పెట్టె మీద ఆ నాలుగంకెలు తిప్పాలి: ఏడు, ఆరు, సున్నా, సున్నా. అంతే, ఎక్కడో చెన్నైలోనో బెంగుళూరులోనో రాడార్ తెర మీద ఆ విమానం గుర్తు రంగు మారి మిణుకుతుంది. గొంతు లేకుండానే కబురు చేరింది: నేను బతికే ఉన్నాను, నా విమానం బాగుంది, రేడియో మాత్రమే పోయింది.

ఇందాక చెప్పిన మూడు మౌనాల్లోంచి ఒకదాన్ని విడదీసి చూపించే పని ఈ నాలుగంకెలది. అందుకే వాటి కింద ఎర్ర గీత.

ఇంకా ఉంది. అసలు నన్ను కదిలించిన భాగం ఇక్కడే మొదలవుతుంది. 7600 తిప్పాక పైలట్ ఏం చెయ్యాలో అంతర్జాతీయంగా ఒక సూత్రం ఉంది. నేల కనిపిస్తూ, వాతావరణం తేటగా ఉంటే, అలా తేటగా ఉన్నచోటే ఎగురుతూ దగ్గరలోని అనువైన విమానాశ్రయంలో దిగాలి. దిగీ దిగగానే కబురు చెయ్యాలి. టవర్ దగ్గరకు వస్తే అక్కడి నుంచి దీపం చూపిస్తారు. ఆగని పచ్చ వెలుగు అంటే దిగు. ఆగని ఎరుపు అంటే ఇంకో విమానానికి దారి ఇచ్చి చుట్టూ తిరుగుతూ ఉండు. ఆగి ఆగి వెలిగే ఎరుపు అంటే ఇక్కడ దిగడం క్షేమం కాదు. దీపం అర్థమైందని చెప్పడానికి పైలట్ రెక్కలు ఊపుతాడు. గుండె ఎంత దడదడలాడుతున్నా ఆ ఊపులో ఒక మర్యాద ఉంటుంది.

మబ్బులో, పరికరాల మీదే ఆధారపడి పోతుంటే సూత్రం వేరు. నేల కనపడదు, దీపం కనపడదు. అప్పుడు చివరిగా చెప్పిన వేగం, చివరిగా చెప్పిన ఎత్తు కొంతసేపు మార్చకూడదు. రాడార్ ఉన్న చోట 7 నిమిషాలు, లేని చోట 20 నిమిషాలు. ఆ తర్వాత బయల్దేరేముందు రాసి ఇచ్చిన ప్రయాణ పత్రంలో ఏ దారి, ఏ ఎత్తు రాశాడో ఆ ప్రకారమే పోవాలి. గమ్యం మీదికి చేరి, వస్తానని చెప్పిన వేళ దాకా అక్కడే తిరుగుతూ, ఆ వేళకు వీలైనంత దగ్గరగా దిగడం మొదలుపెట్టాలి. ఆ వేళ దాటి 30 నిమిషాల్లోగా నేల మీద ఉండాలి. ఈలోగా కింద ఉన్న కంట్రోలరు ఆ దారి మొత్తం ఖాళీ చేస్తాడు. మిగతా విమానాలను పక్కకు తప్పిస్తాడు, ఆపుతాడు, ఎత్తు మారుస్తాడు. ఒక్క మాటా రాని విమానం కోసం మాట్లాడగలిగే విమానాలన్నీ జరుగుతాయి.

ఫోన్లు రాని రోజుల్లో పుంగనూరికో మదనపల్లెకో పోయే మనిషి గడప దాటుతూ ఇంట్లో ఒక మాట చెప్పేవాడు: "ఆఖరి బస్సుకొస్తా. రాలేదంటే పని కాలేదని అర్థం, పొద్దున మొదటి బస్సుకొస్తా." ఆ మాట చెప్పి పోయాక ఆఖరి బస్సు దిగకపోయినా ఇల్లాలు కంగారు పడేది కాదు. పొద్దున మొదటి బస్సు కూడా పోతే మాత్రం తమ్ముణ్ణి పంపేది. ఆ మనిషి ఇచ్చిన మాట మీదే నిలబడాలి. మధ్యలో మనసు మార్చుకుని పాకాల మీదుగా ఇంకో దారిన వస్తే, వెతకబోయిన తమ్ముడు ఒక దారిలో, ఈయన ఒక దారిలో. ఆకాశంలో రాసుకున్నదీ ఇదే ఒప్పందం. తేడా అల్లా, అక్కడ దారులు తప్పితే ఇద్దరు మనుషులు కలుసుకోకపోవడం కాదు, రెండు విమానాలు కలుసుకుంటాయి.

అందుకే ఆ ఘడియలో పైలట్ నుంచి కోరేది తెలివితేటలు కాదు. తోచిన కొత్త ఉపాయం అతనికి ఎంత గొప్పదిగా కనిపించినా, కింద ఉన్నవాడికి అది తెలియదు. తెలియని మంచి ఉపాయం కన్నా తెలిసిన మామూలు దారి ఎక్కువ క్షేమం. నేను ఇలాగే చేస్తానని నువ్వు అనుకుంటావు, నువ్వు అలా అనుకుంటావని నాకు తెలుసు, కాబట్టి నేను అలాగే చేస్తాను. గొంతులు రెండూ మూగబోయాక కూడా ఈ సంభాషణ సాగుతూనే ఉంటుంది. నమ్మకం అనే మాటను మనం చాలా వదులుగా వాడతాం. దాన్ని ఇంత కచ్చితంగా, నిమిషాల లెక్కన రాసిపెట్టిన చోటు ఇదొక్కటే నేను చూశాను.

మాట వినిపించినంత మాత్రాన క్షేమం కాదని 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రుజువైంది. ఢిల్లీ నుంచి లేచిన సౌదీ విమానానికి 14 వేల అడుగులు, ఢిల్లీకి దిగుతున్న కజకిస్తాన్ విమానానికి 15 వేల అడుగులు అని కంట్రోలరు చెప్పాడు. రేడియోలన్నీ పనిచేస్తూనే ఉన్నాయి. చెప్పింది విన్నారు, సరే అన్నారు. కానీ కజక్ విమానం 15 వేల దగ్గర నిలవకుండా కిందికి జారింది. మబ్బులో ఒకదానికొకటి కనిపించలేదు. 349 మంది పోయారు. రెండు విమానాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టి పైలట్లను హెచ్చరించే పరికరం మన దేశపు ఆకాశంలో తప్పనిసరి అయింది ఆ తర్వాతే. ఒప్పుకున్న ఎత్తును నిలబెట్టుకోవడం ఎంత పెద్ద విషయమో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

దీనికి సరిగ్గా తలకిందులు 2017 ఫిబ్రవరి 16న జర్మనీ మీద జరిగింది. ముంబయి నుంచి లండన్ పోతున్న జెట్ ఎయిర్‌వేస్ విమానం కొంతసేపు పిలుపుకు పలకలేదు. 330 మంది ప్రయాణికులు, 15 మంది సిబ్బంది. విమానానికి ఏమీ కాలేదు. అయినా పలకని విమానం ఏదైనా కావచ్చు కాబట్టి జర్మనీ వాయుసేన యుద్ధ విమానాలను పైకి పంపి దాని పక్కన నిలబెట్టింది. సంబంధం తిరిగి కలిసింది, లండన్‌లో క్షేమంగా దిగింది. అక్కడ మౌనాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు. ఆ జాగ్రత్తకు నేను చేతులెత్తి మొక్కుతాను.

మా తట్టు కొండలు చూస్తే ఇదంతా ఇంకో రంగులో కనిపిస్తుంది. ఇప్పటిదాకా చెప్పిన సూత్రాలన్నీ రాడార్ చూపు, రేడియో అల అందే ఎత్తులో చక్కగా పనిచేస్తాయి. విమాన రేడియో అల తిన్నగా పోతుంది, కొండను చుట్టి రాదు. చదునైన నేల మీద 10 వేల అడుగుల ఎత్తున ఉన్న విమానానికి 200 కిలోమీటర్ల అవతల కూడా మాట అందుతుంది. అదే వెయ్యి అడుగులకు దిగితే 70 కిలోమీటర్లు దాటడం కష్టం. మధ్యలో తూర్పు కనుమల గుట్ట ఒకటి అడ్డొస్తే ఆ 70 కూడా ఉండదు. హెలికాప్టర్ అంత తక్కువ ఎత్తులోనే పోతుంది. అంటే మబ్బు ఎక్కువై, కొండ దగ్గరై, ఇంకో మనిషి మాట ఎక్కువ అవసరమైన చోటే ఆ మాట అందదు. రాడార్ కూడా చూడదు కాబట్టి అక్కడ 7600 తిప్పినా చూసే కన్ను లేదు.

మబ్బులో ఏముంటుందో చూడటానికి మా పొరుగునే ఒక పెద్ద కన్ను ఉందని చాలామందికి తెలియదు. సోమలకు దాదాపు నేరుగా తూర్పున, పాకాల దాటాక గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 1990ల మొదట్లో అక్కడ నాటిన రాడార్‌కు 1024 యాంటెనాలు. 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. అది విమానాలను చూడదు, గాలిని చూస్తుంది. ఎంత ఎత్తున ఏ దిక్కుకు ఎంత వేగంతో వీస్తోందో మాత్రమే కాదు, పైకి లేస్తోందా కిందికి దిగుతోందా అని కూడా కొలుస్తుంది. వానకాలంలో గుమ్మరించే మబ్బు లోపల గాలి ఒకచోట పైకి తన్నుకుపోతుంటే, పక్కనే ఇంకోచోట కిందికి కుమ్మరిస్తుంది. కింద నిలబడి చూసే రైతుకు అది వాన. దానిలోకి దూరిన హెలికాప్టర్‌కు అది తల మీద పడే బరువు.

2009 సెప్టెంబరు 2న అదే జరిగింది. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి మా జిల్లాకే రావాలి. అనుపల్లిలో రచ్చబండ సభ. ఉదయం 8.38కి బేగంపేట నుంచి బెల్ 430 హెలికాప్టర్ లేచింది. ఆయనతో పాటు కార్యదర్శి సుబ్రహ్మణ్యం, భద్రతాధికారి వెస్లీ, పైలట్లు గ్రూప్ కెప్టెన్ భాటియా, కెప్టెన్ ఎం.ఎస్. రెడ్డి. దారిలో నల్లమల మీద కుండపోత మబ్బులు. తర్వాత ఏ మాటా లేదు. చిత్తూరు జిల్లాలో షామియానాల కింద జనం కూర్చునే ఉన్నారు. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది. ఎక్కడో దించేసి ఉంటారు, ఏ ఊళ్ళోనో క్షేమంగా ఉంటారు అని ఒకరికొకరు చెప్పుకున్నారు. రేడియో పోయి ఉంటుందిలే అన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ ఆశకు ఆధారం ఏమీ లేదు, అది తప్పని చెప్పడానికీ ఏమీ లేదు. మౌనం అన్ని అర్థాలనూ ఒప్పుకుంటుంది. వాయుసేన వచ్చింది, కేంద్ర బలగాలు వచ్చాయి, అడవి తెలిసిన చెంచులు కదిలారు. శిథిలాలు కనిపించింది మరునాటి ఉదయం, పావురాలగుట్ట దగ్గర. ప్రమాదం జరిగింది మాత్రం బయల్దేరిన గంట లోపే, 9.27కి. అంటే రాష్ట్రమంతా ఎదురుచూసిన ఆ దాదాపు 24 గంటలూ తిరిగి రావడానికి అక్కడ ఎవరూ మిగిలి లేరు.

ఆర్.కె. త్యాగి నాయకత్వంలోని విచారణ సంఘం తేల్చినదాన్ని నేను చాలాసార్లు తలచుకుంటాను. గేరుబాక్సు చమురు పీడనం తగ్గిందని హెచ్చరిక వచ్చింది. దానికి ఏం చెయ్యాలో వెతుకుతూ పైలట్లు 6 నిమిషాలకు పైగా పుస్తకం పేజీలు తిప్పారు. ఆ సమయంలో హెలికాప్టర్ ఆ మబ్బుల వైపే సాగిపోయి, బలంగా కిందికి దిగే గాలిలో చిక్కుకుంది. ఒక చిన్న ఎర్ర దీపం ఇద్దరు అనుభవజ్ఞుల చూపును కిటికీ బయటి నుంచి లోపలికి లాగేసింది. మా మేనల్లుడు తడుముకోకుండా చెప్పిన జవాబు విలువ నాకు ఇక్కడే తెలిసింది. పాడైంది రేడియో కావచ్చు, గేరుబాక్సు దీపం కావచ్చు. దాన్ని బాగుచేయడం మొదటి పని కాదు. విమానాన్ని మబ్బుకు దూరంగా, కొండకు దూరంగా ఉంచడం మొదటి పని.

వాడితో ఆ రాత్రి ఇంకో ప్రశ్న గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. చిన్న విమానం. పరికరాలతో మబ్బులో ఎగిరే అర్హత ఇంకా రాలేదు. నియంత్రిత గగనతలం అంచున పోతుండగా రేడియో పోయింది. ఎదురుగా అనుమతి లేనిదే దాటరాని గోడ. వెనక నుంచి మబ్బు మూసుకొస్తోంది. ఎటు పోవాలి? వాడి జవాబు నాకు నచ్చింది. "గోడ దాటితే కింద ఉన్నవాళ్ళు నన్ను చూస్తారు మామా. 7600 చూసి దారి ఇస్తారు. దిగినాక సంజాయిషీ రాసిస్తా. మబ్బులోకి పోతే నన్ను చూసేవాడుండడు." ఆపదలో ప్రాణం కాపాడుకోవడానికి నియమం దాటే హక్కు పైలట్‌కు చట్టమే ఇచ్చింది. కానీ మబ్బు చట్టానికి లొంగదు. 1954లో అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంవాళ్ళు, పరికరాలతో ఎగరడం రాని 20 మందిని కృత్రిమంగా మబ్బులాంటి స్థితిలో పెట్టి చూశారు. 20 మందీ విమానాన్ని అదుపు తప్పించారు. సగటున పట్టిన కాలం 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు. చెవి లోపలి ద్రవం మనిషిని మోసం చేస్తుంది. వాలిపోతున్నా తిన్నగా ఉన్నాననే అనిపిస్తుంది.

అయితే ఆ ప్రశ్నకు అసలు జవాబు ఇంకా ముందే ఉందని నా అభిప్రాయం. మబ్బు అంత దగ్గరకు రాకముందే వెనక్కి తిరగాలి. రేడియో పనిచేస్తున్నప్పుడే, మాట ఉన్నప్పుడే, చెప్పి తిరగాలి. వాడు కూడా కాదనలేదు.

నేల మీదివాళ్ళ బాధ్యత కూడా అంతే బరువైనది. రావలసిన వేళ దాటి 30 నిమిషాలైనా కబురు రాకపోతే అనిశ్చిత దశ ప్రకటించాలని అంతర్జాతీయ నియమం. తర్వాతది అప్రమత్తత, ఆ తర్వాతది ఆపద. ఈ మూడు మెట్లూ ఎక్కడానికి ఒక షరతు ఉంది: ఆ విమానం ఎప్పుడు, ఏ దారిన వస్తుందో ఎవరో ఒకరికి కచ్చితంగా తెలిసి ఉండాలి, ఆ ఎవరో గడియారం చూస్తూ ఉండాలి. కూలిన విమానం నుంచి తనంతట తానే కేకపెట్టే పెట్టెలు కూడా ఉన్నాయి. 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహానికి కబురు పంపిస్తే అది బెంగుళూరులోని ఇస్రో కేంద్రానికి అందుతుంది. కానీ ఆ కేక ప్రమాదం తర్వాతిది. కొండల మధ్య తక్కువ ఎత్తులో పోయే ప్రతి హెలికాప్టర్‌లోనూ తానున్న చోటును ఉపగ్రహం ద్వారా నిమిష నిమిషానికీ చెప్పే పరికరం ఉండాలి. దాని తెర ముందు ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. ఒక్క రోజు సభకు వేసే పందిళ్ళ ఖర్చు ముందు దీనికి అయ్యే ఖర్చు ఏపాటిది?

ఇప్పుడు నేను చెప్పదలచుకున్నది మా ప్రాంతపు పెద్దలకు, పర్యటనలు నిర్ణయించే అధికారులకు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారి హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది. 2009లో ముఖ్యమంత్రి పోయారు. 2021లో మా ఎగువరేగడ పిల్లవాడు పోయాడు. తెలుగువాళ్ళు ఈ దుఃఖాన్ని మళ్ళీ మళ్ళీ మోశారు. అక్టోబరు చివర్లో ఈశాన్య రుతుపవనం మొదలైతే సోమల, పుంగనూరు, మదనపల్లె, హార్స్‌లీ హిల్స్ చుట్టూ మబ్బు కొండల నడుములకు దిగి రోజుల తరబడి కదలదు. ఆ రోజుల్లోనే ఏదో ఒక సభ ఉంటుంది, ఏదో ఒక ప్రారంభోత్సవం ఉంటుంది. నాయకుడి కోసం జనం కూర్చున్నారని పైలట్ మీద ఒత్తిడి పెట్టకండి. ఈ రోజు వద్దని అతను అంటే, ఎందుకని రెండోసారి అడగకండి. మీ కార్యక్రమం కాగితం మీద వాతావరణం బాగాలేకపోతే ఏ దారిన వస్తారో ముందే రాయండి, మాకూ ముందే చెప్పండి. రోడ్డు మీదుగా రండి. నాలుగు గంటలు ఆలస్యమైనా మేం కూర్చునే ఉంటాం.